రెండు గేట్ల బడి (పల్నాటి పలక – 14)

మా అక్క కూతురికి గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చింది. ఫోన్లో అక్క గొంతు వింటే పిల్లకి కలెక్టరు ఉద్యోగమే వచ్చిందనుకోవాలి. "నువ్వే వచ్చి చేర్పించాలిరా తమ్ముడూ. ఆడపిల్లల గురుకులం. చుట్టూ గోడ ఉందంట. ఇంక నాకు దిగులు లేదు" అంది.

నాకూ సంతోషమే. కానీ "చుట్టూ గోడ ఉందంట" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంతకు రెండు రోజుల ముందే మా కాలేజీ స్టాఫ్ రూములో గోడ మీదే గొడవపడి వచ్చాను. అమ్మాయిలకు ఒక సెక్షన్, అబ్బాయిలకు ఒక సెక్షన్ పెడితే క్రమశిక్షణ వస్తుందని, తల్లిదండ్రులు కూడా అదే అడుగుతున్నారని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను కాదన్నాను. కాలేజీలో గోడ వద్దన్న మనిషిని, గోడ ఉన్న బడిలో మేనకోడల్ని చేర్పించడానికి బయల్దేరుతున్నాను. ఇది రెండు నాలుకల ధోరణేనా? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ముందు ఆ లెక్క తేల్చుకుందామనే ఈ వారం ఇది రాస్తున్నాను.

ముందు నా బడి కథ చెప్పాలి.

మాది గురజాల మాదిగపల్లె. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా బడిలో ఆడామగా ఒకే సెక్షన్. బడి పేరు ఇక్కడ అనవసరం. ఎడమవైపు బెంచీల్లో వాళ్లు, కుడివైపు బెంచీల్లో మేము. మాటలు పెద్దగా ఉండేవి కాదు గానీ సారు అడిగిన ప్రశ్నకు అటునుంచి ఒకరు తప్పు చెబితే ఇటునుంచి ఒకరు సరిచేసేవాళ్లం. ఊళ్లో పెద్దింటి అమ్మాయి ఒకామె ఆటలమ్మ పోసి పది రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు నా దగ్గరికొచ్చి, "తెలుగు నోట్సు ఇస్తావా? సంధులు రాసుకుని రేపు ఇస్తాను" అంది. ఇచ్చాను. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ మొత్తం అంతే.

మర్నాడు ఆ అమ్మాయి బాబాయి నా నోట్సు చేత్తో పట్టుకుని బడికొచ్చాడు. హెడ్మాస్టరు గదిలోకి నన్ను పిలిచారు. ఆ నోట్సులో ఏముందో ఎవరూ తెరిచి చూడలేదు. చూసి ఉంటే సవర్ణదీర్ఘ సంధి కనబడేది. ఏ వర్ణం పక్కన ఏ వర్ణం వస్తే కలపొచ్చో చెప్పే సూత్రం. ఆ గదిలో ఉన్నవాళ్లకి ఆ సూత్రం నోట్సు తెరవకుండానే వచ్చు. నన్నడిగింది ఒకటే ప్రశ్న: "ఎవరబ్బాయివిరా నువ్వు?"

ఈ ప్రశ్నకు అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు.

మా అయ్యను మిరప కల్లంలోంచి పిలిపించారు. తువ్వాలు చంకలో పెట్టుకుని వచ్చి, "బుద్ధి తక్కువై ఇచ్చాడు బాబూ" అన్నాడు. ఆ రాత్రి మంచం మీద కూచుని, "తప్పు నీది కాదని నాకు తెలుసురా. ఆళ్ల ముందర ఆ మాటంటే రేపు కూలికి ఎవురు పిలుస్తారు?" అన్నాడు. నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

ఇంకో సంగతి. అదే సంవత్సరం ఊళ్లో ఒక అబ్బాయి తమ కులపు అమ్మాయి సంచీలో నిజంగానే ప్రేమలేఖ పెట్టాడు. దొరికిపోయాడు. రెండు బెత్తం దెబ్బలు పడ్డాయి, ఇద్దరు పెద్దమనుషులు నవ్వుకున్నారు, అక్కడితో అయిపోయింది. ఆ ఉత్తరానికి బడి చీలలేదు. నా సంధుల నోట్సుకి చీలింది. నెల తిరక్కుండా ఆడపిల్లలందరికీ వేరే సెక్షన్లు పెట్టారు. పెరటివైపు చిన్న గేటు వాళ్లకి, ముందువైపు పెద్ద గేటు మాకు.

పిల్లలు పాడవుతున్నారని అలా చేశామన్నారు. భయం ఆడపిల్ల, మగపిల్లోడు మాట్లాడుకుంటారని అయితే ప్రేమలేఖకే చీలాలి కదా. వాళ్ల భయం ఏ పిల్ల, ఏ పిల్లోడు అన్నదాని గురించి.

ఆ చీలిక దెబ్బ ఎవరి మీద పడిందో చూడండి. నోట్సు అడిగిన అమ్మాయికి పదో తరగతి పూర్తికాకుండానే పెళ్లి చేశారని విన్నాను. నేనైతే చదువుకున్నాను. మూడో మనిషి మా అక్క. నాకంటే ఒక తరగతి ముందు, పదిలో ఉంది. అప్పటిదాకా పల్లె నుంచి వెళ్లిన పిల్లలమంతా, ఆడా మగా, మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒకచోట కూచుని తినేవాళ్లం. రెండు గేట్లయ్యాక అక్క, ఇంకో పల్లె పిల్ల, ఇద్దరే పెరటివైపు మెట్ల మీద కూచుని తిన్నారు. ఊరి ఆడపిల్లలు వాళ్లలో వాళ్లు తిన్నారు. ఆడపిల్లలంతా ఒకచోట ఉంటే ఆడపిల్లలంతా ఒకటవుతారని ఎవరన్నా అంటే నేను ఆ మెట్లు చూపిస్తాను.

పైగా బడిలో లెక్కల సారు ఒక్కరే. ఆయన రెండు సెక్షన్లకీ పాఠం చెప్పాలి. పరీక్షలు దగ్గరపడేకొద్దీ మగపిల్లల సెక్షన్లోనే ఉండేవారు. ఆడపిల్లలకి గైడు చూసి రాసుకోమనేవారు. అక్క పదిలో లెక్కలు తప్పింది. ఆ వేసవిలో మిరప కోతలకు వెళ్లింది. ఇప్పటికీ వెళుతోంది.

తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక మాట. కులం వల్ల మనల్ని దూరం పెట్టడానికి మన భాష వాడిన మాట 'అంటు'. నెలసరి వచ్చిన ఆడదాన్ని దూరం పెట్టడానికి వాడిన మాట 'ముట్టు'. అంటుకోవడం, ముట్టుకోవడం ఒకటే. మైల అన్న మాట రెండు చోట్లా ఉంది. ఊరి బయట పల్లె, ఇంటి బయట ఆడమనిషి. ఈ రెండు దూరాలనీ కొలిచిన తాడు ఒకటేనని నాకు డాక్టరేట్ చేసేటప్పుడు గానీ తట్టలేదు.

బాబాసాహెబ్‌కి చాలా ముందే తట్టింది. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్లో ఆయన 'భారతదేశంలో కులాలు' అన్న పత్రం చదివారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. కులమంటే ప్రధానంగా తన కులంలోనే పెళ్లి చేసుకునే ఏర్పాటని, ఆ ఏర్పాటు నిలబడటానికే సతి, వితంతువుకు పెళ్లి నిషేధం, బాల్యవివాహం పుట్టాయని వాదించారు. కులానికి కంచె కావాలి, ఆ కంచెని ఆడమనిషి ఒంటి చుట్టూ వేశారు. మళ్లీ 1936లో 'కులనిర్మూలన'లో కులాంతర వివాహమే అసలు మందు అన్నారు. సతి పోయింది. బాల్యవివాహం చట్టరీత్యా నేరమైంది. మరి కంచె ఇప్పుడు ఎక్కడుంది? నా ఉద్దేశంలో అందులో ఒక పాయ బడి గేటు దగ్గరకొచ్చింది.

ఇది పుస్తకాల మాట కాదు. మా గురజాల నుంచి దాచేపల్లి మీదుగా పొందుగుల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి, ఆ పైన మిర్యాలగూడ. ప్రణయ్, అమృత బడిలో స్నేహితులు. ఆ స్నేహం పెళ్లిదాకా వెళ్లింది. 2018 సెప్టెంబర్ 14న గర్భవతిగా ఉన్న భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికొస్తున్న ప్రణయ్‌ని కత్తితో నరికి చంపారు. కిరాయి హత్య. కూతురి మీద ప్రేమ పేరుతో తండ్రి చేయించిన హత్య. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తండ్రి 2020లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.

ఆ హత్య తర్వాత మా చుట్టుపక్కల టీ బంకుల దగ్గర నేను విన్న మాట ఏంటో తెలుసా? "చంపడం తప్పే గానీ, అందుకేనండీ కలిపి చదివించకూడదు." హంతకుణ్ని వదిలేసి బెంచీని బోనెక్కించారు. సెక్షన్లు విడదీయమని ఎవరన్నా అడిగినప్పుడల్లా నాకు ఆ మాటే వినబడుతుంది.

ఇక చీల్చి పెంచిన పిల్లలు ఎలా ఉంటారో లెక్చరర్‌గా నేను రోజూ చూస్తున్నాను. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గురుకులమంటే ఎనిమిదేళ్లు. పదేళ్ల పిల్ల లోపలికెళ్లి పద్దెనిమిదేళ్లకు బయటికొస్తుంది. ప్రైవేటు జూనియర్ కాలేజీల్లోనూ అంతే, అబ్బాయిలకో క్యాంపస్, అమ్మాయిలకో క్యాంపస్. అలా వచ్చిన పిల్లలు డిగ్రీ ఫస్టియర్లో ఒక గదిలో పడతారు.

మొన్న జాషువా 'గబ్బిలం' పాఠం చెప్పాను. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును గబ్బిలం చేత శివుడికి పంపుకునే కథ. పాఠం అయ్యాక, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చొప్పున కూచుని, మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఎలా దొరికిందో మాట్లాడుకోమన్నాను. గదంతా నిశ్శబ్దం. ఒకతను లేచి, "సార్, ఏం మాట్లాడాలి?" అన్నాడు. పాఠం గురించి అన్నాను. "అది కాదు సార్, ఎట్టా మొదలుపెట్టాలి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్లందరి ప్రశ్నా అదే.

తర్వాత ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి చెప్పాడు. ఐదు నుంచి హాస్టల్లోనే ఉన్నాడు. సెలవులకు ఇంటికొస్తే అమ్మతో, చెల్లితో తప్ప ఇంకో ఆడమనిషితో నాలుగు మాటలు మాట్లాడలేదు. అమ్మాయిలతో ఎలా ఉండాలో సినిమాల్లో చూసిందే. సినిమాలో హీరో ఏం చేస్తాడు? వెంటపడతాడు. ఆమె కాదంటే ఇంకా వెంటపడతాడు. చివరికి ఆమె అవునంటుంది. 'కాదు' అంటే 'ఇంకాసేపు తిరుగు' అని అర్థం చెప్పే పాఠశాల అది. పక్క బెంచీలో కూచున్న అమ్మాయి పెన్సిలు ఇవ్వననడం, నీ లెక్క తప్పనడం, నీ జోకు బాలేదనడం చిన్నప్పటినుంచీ వింటూ పెరిగితే, ఇరవయ్యేళ్లప్పుడు విన్న 'వద్దు' ఆకాశం విరిగిపడ్డట్టు ఉండదు.

2021 ఆగస్టు 15న గుంటూరులో మన దళిత బిడ్డ, బీటెక్ విద్యార్థిని రమ్యను పట్టపగలు నడివీధిలో పొడిచి చంపారు. సోషల్ మీడియాలో పరిచయమైన యువకుడు. 2022 ఏప్రిల్లో అతనికి ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. వేరువేరు బళ్లవల్లే ఆ హత్య జరిగిందని నేను అనను. అలా అంటే అబద్ధం, అతని నేరాన్ని తగ్గించడం కూడా. ఒకటే చెబుతాను. తరగతి గదిలో గోడ కట్టినంతమాత్రాన పిల్లలు విడిగా ఉండరు. చేతిలో ఫోనుంది. పది మంది మధ్య, పగటి వెలుగులో, సారు ముందర జరగాల్సిన పరిచయాన్ని మనం చీకట్లోకి తోస్తున్నాం.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. మా క్లాసులో అందరికంటే బాగా రాసే అమ్మాయి ఉంది. సెమినార్ పేపర్ అద్భుతంగా రాసింది. చదవమంటే లేవలేదు. పక్కనున్న స్నేహితురాలు కూడా చదవలేక, చివరికి ఆ పేపర్ ఒక అబ్బాయి చదివాడు. చప్పట్లు అతనికి పడ్డాయి. రేపు ఇంటర్వ్యూలో, ఆఫీసులో, పార్టీ మీటింగులో ఈమె మాట ఎవరు చదువుతారు?

నేను చెప్పేదానికి ఎదురు వాదన లేదని కాదు. 2013లో దక్షిణ కొరియా మీద ఒక అధ్యయనం అచ్చయింది. సియోల్‌లో హైస్కూలు సీట్లు లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. అలా వేరువేరు బళ్లలో పడిన పిల్లలకు కాలేజీ ప్రవేశ పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయని తేలింది. అంతకు రెండేళ్ల ముందు 'సైన్స్' పత్రికలో డయాన్ హాల్పెర్న్ బృందం, విడదీయడం వల్ల చదువు మెరుగవుతుందనడానికి సరైన ఆధారం లేదని, పైగా ఆడామగా మూస భావాలు ముదురుతాయని రాసింది. కేరళలో 2022లో బాలల హక్కుల కమిషన్ అన్ని బళ్లనూ సహవిద్యా బళ్లుగా మార్చమని ఆదేశించింది. మార్కుల దగ్గర పండితులు కొట్లాడుకోనివ్వండి. నాది మార్కుల బాధ కాదు. పక్కవాడితో మనిషిలా మాట్లాడటం ఏ సిలబస్‌లో నేర్పుతారు?

ఇదంతా అక్కకు ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత అంది:

"ఉపన్యాసం బాగానే ఉంది గానీ నా మాట విను. నేను తెల్లారి నాలుగింటికి కోతలకి ఆటో ఎక్కుతా. పిల్ల ఎవరి దగ్గరుంటది? ఊళ్లో బడికి పంపితే దార్లో ఎవడన్నా ఒక మాటంటే నేను ఎవరితో పోట్లాడేది? ఆ రోజు అయ్య పోట్లాడగలిగాడా? అయినా మా బళ్లో తప్పు గోడది కాదురా. గోడకి ఇవతల సారు లేకపోవడం తప్పు. గురుకులంలో సార్లూ మేడాలూ గోడ లోపలే ఉంటారు. అన్నం లోపలే ఉంటది. గడియ ఉన్న బాత్రూము ఉంటది."

నా దగ్గర జవాబు లేదు. అక్క చెప్పింది చరిత్ర కూడా. ఫూలే దంపతులు 1848లో పుణెలో ఆడపిల్లలకు విడిగా బడి పెట్టారు. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టింది ఆడవాళ్ల కోసమే. గడప దాటనివ్వని కాలంలో ఆ విడి బడి గోడ కాదు, తలుపు. గురుకులాలు కూడా మన పిల్లలకు అలాంటి తలుపే. వాటిని మూయమనో, ఆడపిల్లల సీట్లు తగ్గించమనో ఎవడన్నా నా మాటలు పట్టుకుని వస్తే ముందు నేనే అడ్డం నిలబడతాను.

అందుకే గోడ ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు అని అడగాలి. మా అక్క అడిగే గోడ పిల్ల లోపల నిలబడి చదువుకోవడానికి. నా చిన్నప్పటి బడిలో కట్టిన గోడ మేము కలవకుండా ఉండటానికి. రెండూ ఇటుకలే. కానీ మొదటి గోడకి కిటికీలు పెట్టమని అడగొచ్చు. రెండోదాన్ని కూలగొట్టమనే అడగాలి.

కిటికీలు పెట్టొచ్చని మన పిల్లలే చూపించారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఆమె ఆదివాసీ, పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అతను దళితుడు. ఇద్దరూ ఒకే బృందంలో శిక్షణ పొంది, ఒకే శిఖరం ఎక్కారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన చోట పక్కపక్కన నిలబడగలిగిన పిల్లలు ఒక లైబ్రరీ బల్ల దగ్గర నిలబడితే పాడైపోతారా?

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. దగ్గర్లో ఉన్న ఆడపిల్లల, మగపిల్లల గురుకులాలకు సైన్స్ ఫెయిర్లు, వక్తృత్వ పోటీలు, పుస్తక చర్చలు కలిపి పెట్టాలి. ఒక నాటకం ఇద్దరూ కలిసి వేయాలి. శరీరం గురించి, ఇష్టం గురించి, 'వద్దు' అన్న మాట గురించి పాఠం మగపిల్లలకు కూడా చెప్పాలి, పుస్తకంలో ఆ పేజీలు తిప్పేయకుండా. డిగ్రీ కాలేజీల్లో సెక్షన్ విడదీసే బదులు వేధింపుల ఫిర్యాదుల కమిటీ పనిచేసేలా చూడాలి. అల్లరి చేసేవాణ్ని ఆపకుండా అమ్మాయిని వేరే గదికి పంపడం, అంటరానితనాన్ని ఆపకుండా మనల్ని వేరే బావికి పంపడం లాంటిదే.

మనవాళ్లకి కూడా ఒక మాట. తమ్ముళ్లూ, కోపం తెచ్చుకోకండి. మన సంఘాల మీటింగుల్లో ఎంతమంది చెల్లెళ్లు మైకు పట్టుకుంటున్నారు? రాత్రి పదింటిదాకా సాగే చర్చలో వాళ్లెక్కడుంటారు? మాల పిల్ల, మాదిగ పిల్లోడు ఇష్టపడితే మన పెద్దమనుషులు ఏం చేస్తారో మనకు తెలియదా? నువ్వు పక్క కులం అమ్మాయిని ప్రేమించడం విప్లవం, మీ చెల్లెలు ఎవరితోనైనా మాట్లాడటం పరువు తక్కువ అనుకుంటే, ఆ హెడ్మాస్టరు గదిలో నువ్వూ ఒక కుర్చీ వేసుకున్నట్టే. ఆ జాషువానే తీసుకోండి. పక్కనే వినుకొండ. తండ్రి వీరయ్య యాదవ, తల్లి లింగమాంబ మాదిగ. 1895లో ఆ బిడ్డ పుట్టకముందే ఆ ఇద్దరి మధ్య ఎవరన్నా గోడ కట్టి ఉంటే తెలుగుకు జాషువా లేడు.

మా పల్నాడు గొప్పలు చాలా చెప్పుకుంటుంది. పన్నెండో శతాబ్దంలోనే గురజాల కొలువులో నాయకురాలు నాగమ్మ మంత్రిగా కూచుందంటారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక చాప మీద కూచోబెట్టి కూడు పెట్టించాడంటారు. మాల కన్నమదాసు సేనాని అంటారు. ఏటా కార్తీకంలో కారెంపూడిలో ఆ వీరులకు తిరునాళ్లు చేస్తారు. మగవాళ్ల కొలువులో ఆడమనిషి, ఒక చాప మీద అన్ని కులాలు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఈ రెండూ తలుచుకుని పొంగిపోయే ఊళ్లో, ఇరవయ్యేళ్ల కిందట నేను ఒక నోట్సు ఇచ్చి నేరస్థుణ్నయ్యాను.

మేనకోడల్ని చేర్పించి వచ్చాను. ట్రంకు పెట్టె మోసుకుంటూ గేటు దాకా వెళ్లాను. "మగవాళ్లు ఇక్కడిదాకే అన్నా" అన్నాడు వాచ్‌మన్. అక్క లోపలికెళ్లి అరగంట తర్వాత వచ్చింది. "గడియలన్నీ గట్టిగానే ఉన్నయిరా. లెక్కల మేడంతో కూడా మాట్లాడా" అంది. అరగంటలో అక్క చూసుకొచ్చినవి ఆ రెండే. బస్సు దాకా వచ్చేలోపు ఇంకోటి అడిగింది: "నువ్వన్న ఆ కిటికీల సంగతి ఎవరికి రాయాలి?"

ఇద్దరం కలిసి రాస్తున్నాం. మొదటి సంతకం ఆమెది. మా కాలేజీలో సెక్షన్ల విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఆ రోజు నేను మళ్లీ కాదంటాను. అప్పుడు ఎవరన్నా "మీ ఇంటి పిల్లను ఆడపిల్లల బళ్లో చేర్చారుగా" అంటే, చేర్చాననే చెబుతాను. ఎందుకు చేర్చానో, ఎందుకు కాదంటున్నానో రెండూ చెబుతాను.

జై భీమ్.

(వచ్చే వారం: 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు ఎందుకు మకాం మార్చాడు, మన తాతల పలక ఎక్కణ్నుంచి వచ్చింది.)